విశాఖలో ఇంట్లోనే పాట రికార్డు చేయాలంటే: చవకలో సరైన మైకు ఎంచుకోవడం ఎలా

ఇంట్లో పాడి రికార్డు చేసుకుందాం అనుకున్నవాళ్లు ముందుగా అడిగేది "ఏ మైకు కొనమంటారు?" అని. నేను తిరిగి అడిగేది "ఏ గదిలో పాడతారు?" అని. మధురవాడలో కొత్త అపార్ట్‌మెంట్ ఖాళీ హాల్లో పాడే గొంతుకీ, కంచరపాలెంలో మంచం, పరుపులు, బట్టల బీరువా నిండిన చిన్న గదిలో పాడే గొంతుకీ ఒకే మైకు నప్పదు. పదివేల మైకు ఆ హాల్లో డబ్బాలోంచి వచ్చినట్టు మోగుతుంది. మూడు వేల మైకు ఆ చిన్న గదిలో శుభ్రంగా పలుకుతుంది. కాబట్టి ముందు గది సంగతి చూద్దాం, తర్వాత మైకు రకం, బ్రాండ్లు ఆ తర్వాత.

1. ముందు మీ గదిని వినండి

ఫ్యాన్, ఏసీ ఆపేయండి. గది మధ్యలో నిలబడి గట్టిగా ఒక్కసారి చప్పట్లు కొట్టండి. చప్పుడు వెంటనే ఆగిపోతే మంచి గది. వెనకాల "జుయ్"మంటూ తోక సాగితే ఆ తోకంతా మీ పాట వెనక కూడా ఉంటుంది. టైల్స్ నేల, నున్నగా పెయింటు వేసిన గోడలు, పైన కాంక్రీటు శ్లాబు, ఈ మూడూ ఉన్న మన ఫ్లాట్లలో ఈ మోత దాదాపు ఖాయం.

తర్వాత ఫోన్‌లో రికార్డర్ ఆన్ చేసి ఒక నిమిషం ఏమీ మాట్లాడకుండా వదిలేయండి. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వినండి. మామూలుగా చెవికి అందనివన్నీ అప్పుడు బయటపడతాయి. పక్కగదిలో ఫ్రిజ్, కింద నీళ్ల మోటారు, ఎవరింట్లోనో కుక్కర్ విజిల్, వీధిలో ఆటోలు. ఎన్‌ఏడీ, మర్రిపాలెం, కాకానినగర్ వైపు ఉన్నవాళ్లకి ఐఎన్ఎస్ డేగా రన్‌వే దగ్గర కాబట్టి నేవీ విమానాలు, హెలికాప్టర్ల చప్పుడు కూడా తోడవుతుంది. రైల్వే యార్డు పక్కన ఉంటే ఇంజను కూతలు. బీచ్ రోడ్డు వైపు కిటికీ ఉన్న ఇంట్లో కెరటాల హోరు, తలుపు సందుల్లోంచి గాలి ఈల. వీటిని పూర్తిగా ఆపే మైకు ఏదీ లేదు. ఏ టైములో తక్కువగా ఉంటాయో రెండు మూడు రోజులు గమనించి రాసుకోండి. చాలా ఇళ్లల్లో రాత్రి పదకొండు దాటాక, లేదంటే తెల్లవారుజామున పాలవాళ్లు రాకముందు గది బాగా నెమ్మదిస్తుంది.

గది మోతని తగ్గించడానికి పెద్ద ఖర్చేమీ అక్కర్లేదు. నేల మీద తివాచీ గానీ, పాత దుప్పటి రెండు మడతలు వేసి గానీ పరవండి. కిటికీకి మందపాటి కర్టెన్ వేయండి. వీటన్నిటికంటే ముఖ్యమైనది ఇంకొకటి ఉంది, దాన్నే చాలామంది తిరగేసి చేస్తారు. మైకు వెనక గోడకి ఫోమ్ ముక్కలు అంటిస్తారు. పాటలకి వాడే మైకులు దాదాపుగా ఎదుటివైపు శబ్దాన్ని తీసుకుని వెనకవైపుది వదిలేస్తాయి. అంటే మైకుకి ఎదురుగా ఉండేది మీరు, మీ వెనక గోడ. కాబట్టి బొంత వేలాడదీయాల్సింది మీ వీపు వెనక. తలుపులు తెరిచిన బట్టల బీరువాకి వీపు పెట్టి నిలబడినా మంచి ఫలితమే వస్తుంది. గుడ్ల ట్రేలు, వేలు మందం ఫోమ్ షీట్లు సన్నటి మోతని కాస్త తగ్గిస్తాయంతే, బయటి చప్పుడిని ఆపవు. వాటికి పెట్టే డబ్బు దాచుకోండి.

2. డైనమికా, కండెన్సరా?

ఎక్కువ ఆలోచించాల్సింది ఇక్కడే.

డైనమిక్ మైకులో పలచటి పొరకి సన్నటి తీగచుట్ట అంటించి ఉంటుంది. మీ గొంతుకి పొర కదిలితే ఆ చుట్ట అయస్కాంతం మధ్య ఊగుతుంది, దాంతో కరెంటు పుడుతుంది. గట్టిది, కిందపడినా సాధారణంగా తట్టుకుంటుంది, బయటి నుంచి కరెంటు అందించక్కర్లేదు. కాకపోతే దాన్నుంచి వచ్చే సిగ్నల్ చాలా సన్నగా ఉంటుంది.

కండెన్సర్‌లో తేలికపాటి పొర ఒక లోహపు పలక ఎదురుగా ఉంటుంది. ఆ రెండింటి మధ్య దూరం మారినప్పుడు సిగ్నల్ వస్తుంది. పొర తేలిక కాబట్టి గొంతులో ఊపిరి, గమకాల్లో సన్నటి కదలిక, అక్షరం చివర మెరుపు అన్నీ పట్టుకుంటుంది. పనిచేయడానికి 48 వోల్టుల ఫాంటమ్ పవర్ (మైకు కేబుల్ ద్వారానే అందే కరెంటు) గానీ యూఎస్‌బీ పవర్ గానీ కావాలి.

లెక్కల్లో చెప్పాలంటే, ష్యూర్ ఎస్ఎం58 డైనమిక్ సెన్సిటివిటీ (అదే గొంతుకి మైకు ఎంత సిగ్నల్ ఇస్తుందో చెప్పే లెక్క) మైనస్ 54.5 డెసిబెల్స్, ఆడియో-టెక్నికా ఏటీ2020 కండెన్సర్‌ది మైనస్ 37. అంటే ఒకే గొంతుకి, ఒకే దూరంలో, కండెన్సర్ దాదాపు 17 డెసిబెల్స్ పెద్ద సిగ్నల్ ఇస్తుంది. గది మోత, పక్కింటి టీవీ కండెన్సర్‌లో ఎక్కువ వినబడేది ఇందువల్లే అని చాలామంది అనుకుంటారు. అసలు కారణం అది కాదు, దూరం. డైనమిక్‌ని మూతికి బెత్తెడు దూరంలో పెట్టుకుని పాడతాం. కండెన్సర్‌కి జానెడు దూరం పెడతాం. దూరం రెట్టింపైతే మైకుకి చేరే గొంతు సుమారు 6 డెసిబెల్స్ పడిపోతుంది. గది మోత మాత్రం తగ్గదు. గొంతు తగ్గి మోత అలాగే ఉంటే రికార్డింగ్‌లో గదే ముందుకొస్తుంది.

నా సలహా సూటిగా చెప్తాను. చప్పట్ల పరీక్షలో గది మోగితే, లేదా బయటి చప్పుడు మీ చేతిలో లేకపోతే, డైనమిక్ తీసుకోండి. గది మెత్తగా ఉండి, రాత్రిపూట నెమ్మదిగా పాడుకునే వీలుంటే, శాస్త్రీయ సంగీతమో లలిత గీతాలో మీ దారి అయితే, కండెన్సర్ ఆనందం వేరు. రెండింటి మధ్య ఊగిసలాడుతుంటే మాత్రం మొదటి మైకు డైనమిక్ అవడమే మంచిది. మోత నిండిన కండెన్సర్ రికార్డింగ్‌ని తర్వాత బాగుచేయడం చాలా కష్టం. కాస్త మందంగా ఉన్న డైనమిక్ రికార్డింగ్‌కి ఈక్వలైజర్‌లో (సన్నటి, లావు శబ్దాల్ని విడివిడిగా పెంచి తగ్గించే సెట్టింగు) పైస్థాయి, అంటే ట్రెబుల్, కొంచెం పెంచితే సరిపోతుంది.

గొంతును బట్టి కూడా చూసుకోవాలి. చవక కండెన్సర్లలో చాలావాటికి పైస్థాయి కావాలనే పెంచి ఉంటుంది, షాపులో వినగానే "ఎంత క్లియర్‌గా ఉందో" అనిపించడానికి. సన్నటి, పదునైన గొంతు ఉన్నవాళ్లు అలాంటి మైకులో పాడితే స, శ, ష అక్షరాలు చెవిలో గుచ్చుకుంటాయి. అలాంటి గొంతుకి డైనమిక్ మేలు చేస్తుంది. బొంగురుగా, లోతుగా ఉండే గొంతుకి ఆ మెరుపే అందం తెస్తుంది.

3. దేనికి తగిలిస్తారు?

మైకు ఎంత మంచిదైనా మీ ఫోన్‌కో లాప్‌టాప్‌కో సరిగ్గా తగలకపోతే పని జరగదు. రెండు దారులున్నాయి.

యూఎస్‌బీ మైకు నేరుగా లాప్‌టాప్‌కి తగులుతుంది. వేరే పెట్టె అక్కర్లేదు, ఖర్చు తక్కువ. ఎక్స్‌ఎల్‌ఆర్ మైకుకి మూడు పిన్నుల కేబుల్, మధ్యలో ఆడియో ఇంటర్‌ఫేస్ (మైకు సిగ్నల్‌ని లాప్‌టాప్‌కి అందించే చిన్న పెట్టె) కావాలి. ఖర్చు ఎక్కువైనా రేపు మైకు మార్చినా ఇంటర్‌ఫేస్ ఉంటుంది, ఇంటర్‌ఫేస్ మార్చినా మైకు ఉంటుంది.

ఈ రెండు దారులూ ఒకే మైకులో ఉన్నవి కూడా దొరుకుతున్నాయి. ఆడియో-టెక్నికా ఏటీఆర్2100ఎక్స్, శామ్సన్ క్యూ2యూ, మావోనో పీడీ200ఎక్స్, ఫైఫైన్ కే688 ఈ కోవలోవి. అన్నీ డైనమిక్ మైకులే. ఇవాళ యూఎస్‌బీ వైరుతో మొదలుపెట్టి, రేపు డబ్బులున్నప్పుడు ఇంటర్‌ఫేస్ కొనుక్కుని అదే మైకుని ఎక్స్‌ఎల్‌ఆర్‌తో వాడుకోవచ్చు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి నేను మనస్ఫూర్తిగా చెప్పే రకం ఇదే.

ఫోన్‌లోనే పాడేవాళ్లు, ముఖ్యంగా స్మ్యూల్ లాంటి పాటల యాప్‌లు వాడేవాళ్లు, కొనకముందే ఒకటి తేల్చుకోండి. మీ ఫోన్ ఓటీజీ (ఫోన్‌కి యూఎస్‌బీ పరికరాలు తగిలించే అడాప్టర్) ద్వారా మైకుకి సరిపడా పవర్ ఇస్తుందా, మీ యాప్ బయటి మైకుని గుర్తుపడుతుందా? తెలిసినవాళ్ల యూఎస్‌బీ మైకు ఏదైనా తగిలించి చూస్తే అయిదు నిమిషాల్లో తెలిసిపోతుంది.

4. చేతిలో ఎంతుంది?

ధరలు ఆఫర్లను బట్టి మారుతుంటాయి కాబట్టి కొనే రోజున చూసుకోండి. పద్ధతి మాత్రం ఇది: మైకు ధర ఒక్కటే లెక్కపెట్టకండి. స్టాండు, పాప్ ఫిల్టర్ (నోటి గాలి మైకుకి కొట్టకుండా ముందు పెట్టే జల్లెడ), కేబుల్, చెవులు మూసే హెడ్‌ఫోన్స్, కావాలంటే ఇంటర్‌ఫేస్, ఇవన్నీ కలిపితేనే అసలు బడ్జెట్.

మూడు నాలుగు వేలలో ముగించాలంటే ఫైఫైన్ కే669 లాంటి చిన్న యూఎస్‌బీ కండెన్సర్లు ఉంటాయి. మెత్తటి చిన్న గదిలో ఫర్వాలేదు. హాల్లో వద్దు. ఈ బడ్జెట్‌లో ఉన్నవాళ్లకి నేను ఇంకో మాట కూడా చెప్తాను: మైకు మీద పెట్టే డబ్బులో కొంత తీసి బొంత, తివాచీ మీద పెడితే ఫలితం ఎక్కువ.

ఆరేడు వేలు పెట్టగలిగితే పైన చెప్పిన రెండు దారుల డైనమిక్ మైకుల్లో ఒకటి, ఒక టేబుల్ స్టాండు.

పదిహేను వేల చుట్టుపక్కల ఉంటే ఇంటర్‌ఫేస్ దారిలోకి రావచ్చు. బెరింగర్ యూఎం2 లాంటి చిన్న ఇంటర్‌ఫేస్ తీసుకుని, దానికి ష్యూర్ ఎస్ఎం58 గానీ ఏటీ2020 గానీ కలపండి. ఎస్ఎం58 1966 నుంచీ స్టేజీల మీద ఉన్న మైకు, నేటికీ దాని రూపం పెద్దగా మారలేదు. చర్చిల్లో, భజన మండళ్లలో, కాలేజీ ఫెస్టుల్లో మీరు చూసే గుండ్రటి జాలీ మైకుల్లో చాలావరకు దాన్ని చూసి చేసినవే. ఇంకా చవకలో కావాలంటే బెరింగర్ ఎక్స్ఎం8500 అదే తరహాలో పనిచేస్తుంది, ధరకి మించి పలుకుతుంది.

పాడ్‌కాస్టుల్లో అందరి ముందూ కనిపించే ష్యూర్ ఎస్ఎం7బీ మీద మనసు పడకండి. ధర సంగతి అలా ఉంచినా, దానికి కనీసం 60 డెసిబెల్స్ శుభ్రమైన గెయిన్ (మైకు సిగ్నల్‌ని పెంచడం) కావాలని ష్యూరే చెప్తుంది. చిన్న ఇంటర్‌ఫేస్‌లు అంత గెయిన్ ఇవ్వలేక బుస్సుమంటాయి.

5. వీటి జోలికి వెళ్లకండి

బీఎం-800 పేరుతో మైకు, స్టాండు, ఫోమ్, పాప్ ఫిల్టర్ అన్నీ కలిపి ఒక కిట్టుగా అమ్ముతుంటారు. ఆ పేరుతో ఎన్నో కంపెనీల సరుకు ఉంది, లోపల ఏముందో ఒక్కోదానిది ఒక్కో కథ. లాప్‌టాప్ హెడ్‌ఫోన్ రంధ్రానికి నేరుగా తగిలిస్తే చాలావాటిలో గొంతు సన్నగా, వెనక బుస్సుమనే శబ్దం గట్టిగా వస్తాయి.

కాలర్ మైకులు మాటలకి బాగుంటాయి. అవి చాలావరకు నలువైపులా వినే రకం కాబట్టి గది మొత్తాన్ని పాటలోకి తెస్తాయి. రీల్స్ కోసం కొన్న వైర్‌లెస్ మైకు మీ దగ్గర ఉంటే మాటలకి వాడుకోండి, పాటకి మాత్రం వేరేది తీసుకోండి. కరావోకే స్పీకర్‌తో వచ్చే మైకులు, లోపలే ఎకో కలిపేవి కూడా వద్దు. ఒకసారి కలిసిన ఎకో మళ్లీ విడదీయలేం.

నకిలీల విషయంలో జాగ్రత్త. ఎస్ఎం58కి నకిలీలు ఎక్కువ. మామూలు ధరలో సగానికే కొత్తది ఇస్తామంటే అనుమానించండి. అసలు మైకు దాదాపు 300 గ్రాముల బరువుంటుంది, చేతిలోకి తీసుకోగానే తెలుస్తుంది. జీఎస్టీ బిల్లు, కంపెనీ వారంటీ ఇచ్చే చోటే కొనండి.

6. కొనేముందు మీ గొంతుతో వినండి

యూట్యూబ్‌లో ఎవరో పాడిన రివ్యూ విని కొనకండి. అది వాళ్ల గొంతు, వాళ్ల గది. అద్దెకి సౌండ్ సిస్టమ్ ఇచ్చేవాళ్లు మన ఊళ్లో ప్రతి పేటలోనూ ఉన్నారు. పెళ్లిళ్ల సీజన్ కానప్పుడు వెళ్లి ఒక్కరోజుకి డైనమిక్ మైకు, కేబుల్ అడిగితే తక్కువలోనే దొరుకుతుంది. మీ చర్చి క్వయర్‌లోనో భజన బృందంలోనో మైకు చూసుకునే అన్నయ్యని అడిగితే ఇంకా సులువు. ఇంటికి తెచ్చి, మీ గదిలో, మీరు పాడబోయే పాటే పాడి చూడండి.

డాబాగార్డెన్స్, జగదాంబ వైపు షాపులకి వెళ్తే మీ హెడ్‌ఫోన్స్, లాప్‌టాప్ వెంట తీసుకెళ్లండి. షాపులో స్పీకర్ మీద విని నిర్ణయం తీసుకోకండి, ఆ గొడవలో అన్నీ బాగానే వినిపిస్తాయి. ఫైలు సేవ్ చేసుకుని ఇంటికొచ్చి వినండి.

పరీక్షకి రెండు వాక్యాలు పనికొస్తాయి. "పాపం పెద్దబ్బాయి భోజనం మానేసి ఫలహారం పట్టుకుపోయాడు." ఇందులో ప, బ, భ, ఫ దగ్గర గాలి కొట్టి "భుప్"మంటుందా చూడండి. తెలుగులో ఒత్తక్షరాలు గట్టిగా పలికేవాళ్లకి ఇది పెద్ద సమస్య. రెండోది: "సీతమ్మధార సంతలో శనివారం సొరకాయలు చౌక." ఇందులో స, శ చెవిలో గుచ్చుకుంటే ఆ మైకు మీ గొంతుకి కాదు. ఆ తర్వాత మీ పాటలో అన్నిటికంటే మంద్రంగా ఉండే చరణం, అన్నిటికంటే పైకి వెళ్లే చోటు, ఈ రెండూ పాడండి.

7. ఇంటికొచ్చాక

మొదట మైకు ఎటువైపు వింటుందో చూసుకోండి. ఎస్ఎం58 లాంటివి కొసతో వింటాయి. ఏటీ2020, బ్లూ యెటి లాంటివి పక్కతో వింటాయి. అంటే నిలువుగా నిలబెట్టి, కంపెనీ గుర్తు ఉన్న వైపు మీకు ఎదురుగా పెట్టాలి. యెటి పై భాగంలోకి పాడేవాళ్లు చాలామంది ఉన్నారు, గొంతు మందంగా రావడానికి సగం కారణం అదే. యెటిలో నాలుగు దిశల స్విచ్ కూడా ఉంటుంది, పాటకి ఒకవైపే వినే కార్డియాయిడ్ గుర్తు మీద పెట్టండి.

దూరం: డైనమిక్‌కి బెత్తెడు, కండెన్సర్‌కి జానెడు. మరీ దగ్గరకి వెళ్తే కింది స్థాయి (బేస్) ఉబ్బి గొంతు బరువుగా మారుతుంది. సన్నటి గొంతుకి కొంచెం అలా చేయడం మంచిదే, లావు గొంతుకి వెనక్కి జరగండి. పై స్థాయి పట్టేటప్పుడు రెండు వేళ్లు వెనక్కి జరగడం అలవాటు చేసుకోండి. స్టేజీ అలవాటున్నవాళ్లకి ఇది చేతిలోనే ఉంటుంది.

పాప్ ఫిల్టర్ లేకుండా పాడకండి. కొనలేకపోతే ఎంబ్రాయిడరీ ఫ్రేముకి పాత నైలాన్ సాక్సు బిగువుగా సాగదీసి కట్టి, మైకుకి నాలుగు వేళ్ల ముందు పెట్టండి. మైకుని మూతికి సూటిగా కాకుండా కాస్త పక్కకి వాల్చినా "భుప్" తగ్గుతుంది.

గెయిన్ ఇలా పెట్టండి. పాటలో గట్టిగా పాడే చోటు నిజంగా పాడినట్టే పాడుతూ మీటరు చూడండి. మైనస్ 12, మైనస్ 6 డెసిబెల్స్ మధ్య తగలాలి. అసలు పాడేటప్పుడు మనం రిహార్సల్ కంటే గట్టిగానే పాడతాం, అందుకే పైన ఆ కాస్త చోటు వదలాలి. 24 బిట్‌లో రికార్డు చేస్తే కాస్త తక్కువగా ఉన్నా తర్వాత పెంచుకోవచ్చు. సున్నా దాటి చీలిపోయిన గొంతుని మాత్రం మళ్లీ బాగుచేయలేరు. వీడియోకైతే 48 కిలోహెర్ట్జ్, పాట ఒక్కటే అయితే 44.1 చాలు. ఉచితంగా దొరికే ఆడాసిటీ ఈ పనికి సరిపోతుంది.

హెడ్‌ఫోన్స్‌ వైరువే వాడండి. బ్లూటూత్‌లో శబ్దం ఆలస్యంగా వస్తుంది, తాళం తప్పుతారు. శ్రుతి పెట్టె, కరావోకే ట్రాక్ కూడా హెడ్‌ఫోన్స్‌లోనే వినాలి. ఫోన్ స్పీకర్‌లో పెట్టి పాడితే మైకు దాన్నీ తాగేస్తుంది, ఆ తర్వాత గొంతుని వేరుచేయడం కుదరదు. ఇంటర్‌ఫేస్‌లో డైరెక్ట్ మానిటర్ బటన్ (మీ గొంతుని ఆలస్యం లేకుండా నేరుగా హెడ్‌ఫోన్స్‌కి పంపేది) ఉంటే ఆన్‌లో ఉంచండి.

వెనక సన్నగా "హుం" వస్తుంటే లాప్‌టాప్ చార్జర్ పీకేసి బ్యాటరీ మీద రికార్డు చేయండి. చాలాసార్లు అక్కడితో పోతుంది, ఇంట్లో ఎర్తింగ్ సరిగ్గా లేకపోవడం వల్ల వచ్చే గొడవ అది. కెరటాల హోరు, రోడ్డు మీద లారీల గుడగుడ కింది స్థాయిలో ఉంటాయి. సాఫ్ట్‌వేర్‌లో లో కట్ (కింది స్థాయి శబ్దాల్ని కత్తిరించే ఫిల్టర్) 80 హెర్ట్జ్ దగ్గర పెడితే చాలావరకు తగ్గుతుంది, గొంతుకి పెద్దగా నష్టం ఉండదు.

ఫ్యాన్ గురించి అందరూ అడుగుతారు. ఆపాల్సిందే. వైశాఖ మాసపు ఉక్కలో ఫ్యాన్ ఆపి పాడటం ఎంత కష్టమో తెలుసు, అందుకే పల్లవి ఒకసారి, చరణం ఒకసారి విడివిడిగా తీసుకోండి. మధ్యలో ఫ్యాన్ వేసుకుని చెమట ఆరనివ్వండి. ఎక్కువ పాటలు చేయాలనుకుంటే నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా పెట్టుకోండి.

8. తేమ నుంచి కాపాడుకోండి

మన ఊరి గాలిలో తేమ, ఉప్పు రెండూ ఉన్నాయి. కండెన్సర్ పొర మీద తేమ చేరితే చిటపటమని, కాగితం నలిపినట్టు శబ్దాలు వస్తాయి. అలా వస్తే వెంటనే మైకు పాడైందని అనుకోకండి. గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ ప్యాకెట్లతో ఒకటి రెండు రోజులు పెట్టి మళ్లీ చూడండి. రోజూ వాడాక కూడా స్టాండు మీద వదిలేయకుండా ఆ డబ్బాలోనే పెట్టండి. మూత బిగుతుగా పట్టే పెద్ద ప్లాస్టిక్ డబ్బా చాలు. బియ్యంలో పెట్టకండి, ఆ పొడి జాలీలోకి వెళ్తుంది. రంగు మారే రకం సిలికా జెల్ తీసుకుంటే ఎప్పుడు మార్చాలో తెలుస్తుంది.

డైనమిక్‌కి తేమ భయం తక్కువ, ఉప్పు గాలి భయం ఉంది. కేబుల్ పిన్నులు నల్లబడతాయి, తగిలించినప్పుడు కరకరమంటాయి. నెలకోసారి పొడి గుడ్డతో తుడవండి. ఎస్ఎం58 తరహా మైకులకి జాలీ తిప్పితే ఊడి వస్తుంది. దాన్ని, లోపలి స్పాంజిని గోరువెచ్చటి నీళ్లలో కడిగి, పూర్తిగా ఆరాకే బిగించండి. మైకు మొండేనికి మాత్రం నీళ్లు తగలనివ్వకండి.

ఆన్‌లైన్‌లో కొన్నవాళ్లు డబ్బా వచ్చిన రోజే పైన చెప్పిన రెండు వాక్యాలు, పాటలో పై స్థాయి, ఒక నిమిషం నిశ్శబ్దం రికార్డు చేసి విని చూడండి. తేడా అనిపిస్తే తిరిగి పంపే గడువులోగానే పంపేయండి. డబ్బా, థర్మోకోల్, బిల్లు ఆ గడువు దాటేదాకా పారేయకండి.